భాగం 9: పీహెచ్‌పీకి పొసగే అపాచి వెర్షన్‌ను ఎంచుకోవడం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 సర్వర్, స్క్రిప్టింగ్ భాష కలిసే చోటు
9.3 వెర్షన్ సంఖ్యను చదవడం
9.4 అపాచి తరాలు, పీహెచ్‌పీ తరాలు
9.5 సర్వర్ మాడ్యూల్‌ను తిరస్కరించినప్పుడు
9.6 విండోస్‌పై చూడవలసిన నాలుగు గుర్తులు
9.7 లినక్స్‌పై ఎంపిక
9.8 ఎంపిక ప్రోగ్రాం నుంచి మొదలుకావాలి
9.9 మద్దతు గడువు
9.10 సాధించిన సమస్య
9.11 సారాంశం
9.12 ముఖ్య పదాలు
9.13 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు
9.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- అపాచి సర్వర్, పీహెచ్‌పీ భాష ఒకదానితో ఒకటి ఏ చోట కలుస్తాయో వివరించగలుగుతారు;
- వెర్షన్ సంఖ్యలోని మూడు అంకెల అర్థాన్ని విడదీసి చెప్పగలుగుతారు;
- మాడ్యూల్ లోడ్ కానప్పుడు వచ్చే సందేశాన్ని చదివి కారణం గుర్తించగలుగుతారు;
- మీ కంప్యూటర్‌కు, మీ ప్రోగ్రాంకు తగిన జోడీని ఎంచుకోగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో పీహెచ్‌పీలో చిన్న చిన్న ప్రోగ్రాంలు రాయడం నేర్చుకున్నారు. వాటిని బ్రౌజర్‌లో చూడాలంటే వెబ్ సర్వర్ కావాలని కూడా తెలుసుకున్నారు. ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి ఇన్‌స్టాల్ చేయాలి. చాలామంది విద్యార్థులు ఆగిపోయేది ఇక్కడే. పీహెచ్‌పీ సరిగానే ఇన్‌స్టాల్ అవుతుంది, అపాచి కూడా సరిగానే నడుస్తుంది. రెండింటినీ కలిపే ఒక్క వాక్యాన్ని కాన్ఫిగరేషన్ ఫైల్‌లో చేర్చగానే సర్వర్ మొదలుకావడం మానేస్తుంది.

పొలంలో బోరు వేయించిన ఇళ్ళ నుంచి వచ్చినవారికి ఈ పరిస్థితి కొత్త కాదు. మోటారు మంచిదే, పైపు మంచిదే. కానీ మోటారు అంచు మీది బోల్టు రంధ్రాలు పైపు అంచు మీది రంధ్రాలతో కలవకపోతే చుక్క నీరు పైకి రాదు. ఖరీదైన మోటారు తెచ్చినంత మాత్రాన ఆ తేడా పోదు. వెబ్ సర్వర్ ఎంపిక కూడా అంతే. 'ఏది కొత్తది?' అన్నది రెండో ప్రశ్న. 'ఏది దేనితో అతుకుతుంది?' అన్నది మొదటి ప్రశ్న. ఈ భాగమంతా ఆ మొదటి ప్రశ్నకు సమాధానం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల అధ్యయన కేంద్రాలకు వచ్చే మీలో చాలామందికి ఇంట్లో ఒక పాత కంప్యూటర్, డౌన్‌లోడ్‌కు ఫోన్ డేటా మాత్రమే ఉంటాయి. వందల మెగాబైట్లు దించుకున్నాక 'ఇది కాదు, ఇంకొకటి కావాలి' అని తెలిస్తే డబ్బు, సమయం రెండూ పోతాయి. కాబట్టి దించుకోవడానికి ముందే నిర్ణయించుకొనే పద్ధతిని ఇక్కడ నేర్చుకుందాం.

సూచన: ఆజ్ఞలను, ఫైల్ పేర్లను ఈ పాఠంలో తెలుగు లిపిలో ఇచ్చాం. కంప్యూటర్‌లో వాటిని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేయాలి.

9.2 సర్వర్, స్క్రిప్టింగ్ భాష కలిసే చోటు

బ్రౌజర్ నుంచి ఒక అభ్యర్థన వచ్చినప్పుడు అపాచి దాన్ని అందుకుంటుంది. అడిగినది బొమ్మ అయినా, మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ అయినా నేరుగా పంపేస్తుంది. అడిగినది పీహెచ్‌పీ ఫైల్ అయితే దాన్ని ముందుగా ఎవరైనా అమలు చేసి ఫలితాన్ని ఇవ్వాలి. ఆ పనిని పీహెచ్‌పీకి అప్పగించడానికి మూడు మార్గాలున్నాయి.

అ) మాడ్యూల్ పద్ధతి: పీహెచ్‌పీ ఒక మాడ్యూల్‌గా అపాచి ప్రక్రియ లోపలికే వచ్చి కూర్చుంటుంది. రెండూ ఒకే జ్ఞాపకశక్తిని పంచుకుంటాయి. ఏర్పాటు సులభం. కానీ ఒకే ఇంట్లో ఉంటున్నందువల్ల రెండింటి అంతర్నిర్మాణం సరిగ్గా కలవాలి. వెర్షన్ చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ పద్ధతిలోనివే.

ఆ) సీజీఐ పద్ధతి: ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త పీహెచ్‌పీ ప్రక్రియ మొదలై, పని ముగియగానే పోతుంది. ఇది నెమ్మది పద్ధతి.

ఇ) ఫాస్ట్‌సీజీఐ పద్ధతి: పీహెచ్‌పీ వేరుగా, ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. సర్వర్ దానితో ఒక నిర్ణీత సంభాషణ నియమం ప్రకారం మాట్లాడుతుంది. ఇద్దరూ వేరు వేరు ఇళ్ళలో ఉండి ఉత్తరాలు రాసుకున్నట్లు. ఉత్తరం భాష ఒకటైతే చాలు, ఇళ్ళ నిర్మాణం ఒకేలా ఉండనక్కరలేదు.

మొదటి పద్ధతిలో అపాచి వెర్షన్, పీహెచ్‌పీ వెర్షన్ గట్టిగా ముడిపడి ఉంటాయి. మూడో పద్ధతిలో ఆ ముడి సడలుతుంది. ఈ తేడా గుర్తుంటే మిగిలిన పాఠం సులభం.

9.3 వెర్షన్ సంఖ్యను చదవడం

అపాచి 2.4.58 అనే సంఖ్యను తీసుకోండి. ఇందులో మూడు అంకెలున్నాయి.

మొదటి రెండూ కలిపి (2.4) శ్రేణిని తెలుపుతాయి. శ్రేణి మారితే సర్వర్‌కూ మాడ్యూల్‌కూ మధ్య ఉన్న యంత్రస్థాయి ఒప్పందం మారుతుంది. 2.2 కోసం తయారైన మాడ్యూల్ 2.4లో పనిచేయదు.

మూడో అంకె (58) అదే శ్రేణిలో జరిగిన మరమ్మతుల వరుసను తెలుపుతుంది. ఇది పెరిగినా ఒప్పందం మారదు. 2.4 శ్రేణిలో ఒక వెర్షన్ కోసం కంపైల్ చేసిన మాడ్యూల్ అదే శ్రేణిలో తరవాత వచ్చే వెర్షన్‌లోనూ లోడ్ అవుతుంది.

'మూడో అంకెతో పొందిక చెడదు కదా, ఏదైనా పరవాలేదు' అనుకోకండి. 2021 అక్టోబరులో అపాచి 2.4.49లో ఒక తీవ్రమైన లోపం బయటపడింది. సర్వర్ బయటపెట్టకూడని ఫైళ్ళను కొన్ని ఏర్పాట్లలో బయటివారు చదవగలిగేవారు. 2.4.50లో చేసిన మరమ్మతు అసంపూర్తిగా మిగిలింది. 2.4.51లో పూర్తయింది. ఈ మూడు వెర్షన్లకూ పీహెచ్‌పీతో పొందికలో తేడా లేదు, భద్రతలో మాత్రం చాలా తేడా ఉంది. అందువల్ల నియమాన్ని ఇలా చెప్పుకోవచ్చు: శ్రేణిని పొందిక చూసి ఎంచుకోవాలి, ఆ శ్రేణిలో చివరి వెర్షన్‌ను భద్రత కోసం తీసుకోవాలి.

పీహెచ్‌పీలో కూడా మొదటి రెండు అంకెలే శ్రేణి. 8.2 కోసం తయారైన అనుబంధం (ఎక్స్‌టెన్షన్) 8.3లో లోడ్ కాదు. 8.2 తన ఒప్పందాన్ని 20220829 అనే సంఖ్యతోనూ, 8.3 తన ఒప్పందాన్ని 20230831 అనే సంఖ్యతోనూ గుర్తిస్తాయి. అంటే అపాచికీ పీహెచ్‌పీకీ మధ్య ఒక అతుకు, పీహెచ్‌పీకీ దాని అనుబంధాలకూ మధ్య ఇంకొక అతుకు ఉన్నాయన్నమాట.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. అపాచి 2.4.41 నుంచి 2.4.58కి మారితే పీహెచ్‌పీ మాడ్యూల్‌ను మార్చాలా? ఎందుకు?
2. ఫాస్ట్‌సీజీఐ పద్ధతిలో వెర్షన్ ముడి ఎందుకు సడలుతుంది?

9.4 అపాచి తరాలు, పీహెచ్‌పీ తరాలు

అపాచి సర్వర్ 1995లో మొదలైంది. దాని ముఖ్యమైన శ్రేణులు ఇవి:
1.3 - 1998లో విడుదల, 2010లో ముగింపు
2.0 - 2002లో విడుదల, 2013లో చివరి వెర్షన్ (2.0.65)
2.2 - 2005 డిసెంబరులో విడుదల, 2017లో చివరి వెర్షన్ (2.2.34)
2.4 - 2012 ఫిబ్రవరిలో విడుదల

రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన సొంత పేజీల కోసం రాసుకున్న చిన్న ఉపకరణాలు పీహెచ్‌పీకి మూలం. తరవాతి మైలురాళ్ళు: 3వ తరం 1998, 4వ తరం 2000, 5వ తరం 2004, 7వ తరం 2015 డిసెంబరు, 8వ తరం 2020 నవంబరు. 6వ తరం విడుదల కాలేదు.

ఈ రెండు వరుసలూ సమాంతరంగా నడిచాయేగాని ఎప్పుడూ ఒకే వేగంతో నడవలేదు. 2002లో అపాచి 2.0 వచ్చినా, థ్రెడ్లతో నడిచే దాని కొత్త పద్ధతిని నిజమైన సేవలకు వాడవద్దని పీహెచ్‌పీ మాన్యువల్ చాలాకాలం హెచ్చరించింది. కారణం పీహెచ్‌పీ ఒక్కటే కాదు. అది ఆధారపడే బయటి లైబ్రరీల్లో కొన్ని థ్రెడ్లకు తగినట్లు రాసినవి కావు. ఇతర భాషలదీ ఇదే అనుభవం. పెర్ల్ భాషను అపాచిలో కలిపే మాడ్‌పెర్ల్‌కు 2.4తో పొందిక 2015లో వచ్చిన 2.0.9 వెర్షన్‌తో లభించింది. సర్వర్ శ్రేణి వచ్చిన మూడేళ్ళకు పైగా గడిచాక అన్నమాట. సర్వర్ కొత్త శ్రేణి విడుదలైన రోజే మాడ్యూల్ కూడా సిద్ధంగా ఉంటుందని అనుకోకూడదు.

విండోస్ కోసం వచ్చిన పీహెచ్‌పీ 5.2 ప్యాకేజీ ఈ చరిత్రను ఫైల్ పేర్లలోనే చూపించేది. అందులో మూడు మాడ్యూల్ ఫైళ్ళు పక్కపక్కనే ఉండేవి:
పీహెచ్‌పీ5అపాచి.డీఎల్ఎల్ - అపాచి 1.3 కోసం
పీహెచ్‌పీ5అపాచి2.డీఎల్ఎల్ - అపాచి 2.0 కోసం
పీహెచ్‌పీ5అపాచి2_2.డీఎల్ఎల్ - అపాచి 2.2 కోసం

పేరులోని మొదటి అంకె భాష తరం, చివరి అంకెలు సర్వర్ శ్రేణి. 7వ తరంలో పేరు పీహెచ్‌పీ7అపాచి2_4.డీఎల్ఎల్ అయింది, 8వ తరంలో పీహెచ్‌పీ8అపాచి2_4.డీఎల్ఎల్ అయింది. ఈ రెండు తరాలకూ విండోస్‌పై 2.4 శ్రేణి మాడ్యూల్ మాత్రమే వస్తుంది. కాబట్టి నేటి విద్యార్థికి శ్రేణి ఎంపిక తేలికైంది: 2.4 తప్ప వేరే దారి లేదు. చిక్కు ఇప్పుడు మిగిలిన గుర్తుల్లో ఉంది. వాటిని 9.6లో చూద్దాం.

9.5 సర్వర్ మాడ్యూల్‌ను తిరస్కరించినప్పుడు

తప్పు మాడ్యూల్‌ను ఇచ్చినప్పుడు అపాచి ఊరికే ఆగిపోదు, కారణం చెబుతుంది. సందేశం సారాంశం ఇలా ఉంటుంది: 'ఈ మాడ్యూల్ నిర్మాణం చెదిరి ఉంది. ఎదురుచూసిన గుర్తు 41503234, కనిపించిన గుర్తు 41503232. ఇది వేరే అపాచి వెర్షన్ కోసం కంపైల్ చేసినదై ఉండవచ్చు.'

చాలామంది ఈ అంకెలను చూసి భయపడి వదిలేస్తారు. నిజానికి వీటిలో రహస్యం ఏమీ లేదు. మొదటి సంవత్సరంలో చదివిన ఆస్కీ పట్టికను, పదహారు ఆధారంగా గల సంఖ్యామానాన్ని గుర్తుతెచ్చుకోండి. సంఖ్యను రెండేసి అంకెలుగా విడదీయండి:

41 - ఆంగ్ల అక్షరం 'ఎ'
50 - ఆంగ్ల అక్షరం 'పి'
32 - అంకె '2'
34 - అంకె '4'

అంటే 41503234 అన్నది 'ఎపి24' అని చదవాలి. అపాచి పేరులోని మొదటి రెండు అక్షరాలు, ఆపైన శ్రేణి. అదే విధంగా 41503232 అంటే 'ఎపి22', 41503230 అంటే 'ఎపి20', 41503133 అంటే 'ఎపి13'. పై సందేశం చెబుతున్నది ఇంతే: 'నేను 2.4ని. మీరు 2.2 కోసం చేసిన మాడ్యూల్‌ను తెచ్చారు.'

ఈ మొదటి తనిఖీ దాటాక రెండోది ఉంది. ప్రతి శ్రేణికీ తేదీ రూపంలో ఒక ఒప్పంద సంఖ్య ఉంటుంది. 2.0కు 20020903, 2.2కు 20051115, 2.4కు 20120211. మాడ్యూల్‌లో ఉన్న సంఖ్య సర్వర్ సంఖ్యతో కలవకపోతే 'ఈ మాడ్యూల్ ఈ వెర్షన్‌కు పొసగదు' అంటూ రెండు సంఖ్యలనూ చూపిస్తుంది. గత విభాగంలో చెప్పుకొన్న 'శ్రేణిలో ఒప్పందం మారదు' అన్న నియమానికి ఆధారం ఇదే. 2.4 శ్రేణి మొత్తానికీ ఈ సంఖ్య ఒక్కటే.

శ్రేణి మారినప్పుడు మాడ్యూల్‌తో పాటు కాన్ఫిగరేషన్ రాసే తీరు కూడా మారుతుంది. 2.2లో ఒక ఫోల్డర్‌ను అందరికీ తెరవడానికి 'ఆర్డర్ అలౌ,డినై' అని, దాని కింద 'అలౌ ఫ్రమ్ ఆల్' అని రాసేవారు. 2.4లో 'రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్' అని రాయాలి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడే వరకు నాగర్‌కర్నూల్ చిరునామాలో మహబూబ్‌నగర్ జిల్లా అని రాసేవాళ్ళం. ఆ తరవాత ఊరు అక్కడే ఉంది, రాసే తీరు మారింది. ఇదీ అలాంటిదే. పాత చిరునామాతో వచ్చిన ఉత్తరం కొంతకాలం చేరినట్లే, ఒక పొందిక మాడ్యూల్ సాయంతో 2.4 పాత వాక్యాలను అర్థం చేసుకోగలదు. కానీ పాతవీ కొత్తవీ కలిపి రాస్తే ఫలితం ఊహించడం కష్టం. పాత పుస్తకం చూసి కాన్ఫిగరేషన్ రాసేటప్పుడు ఈ సంగతి మరవకండి.

9.6 విండోస్‌పై చూడవలసిన నాలుగు గుర్తులు

విండోస్‌లో పీహెచ్‌పీ డౌన్‌లోడ్ పేజీని తెరిస్తే ఒకే వెర్షన్‌కు నాలుగైదు ఫైళ్ళు కనిపిస్తాయి. పేరులో ఉన్న గుర్తులను ఒక్కొక్కటిగా చదవాలి.

మొదటి గుర్తు - శ్రేణి: ఇది 9.3లో చెప్పుకొన్నదే.

రెండో గుర్తు - బిట్లు: ఎక్స్86 అంటే 32 బిట్లు, ఎక్స్64 అంటే 64 బిట్లు. మాడ్యూల్ పద్ధతిలో అపాచి, పీహెచ్‌పీ రెండూ ఒకే రకం కావాలి. 64 బిట్ల విండోస్‌పై 32 బిట్ల జోడీ నడుస్తుంది. కానీ 64 బిట్ల అపాచిలో 32 బిట్ల పీహెచ్‌పీ లోడ్ కాదు.

మూడో గుర్తు - కంపైలర్: వీసీ లేదా వీఎస్ అక్షరాల పక్కన ఉన్న అంకె ఏ విజువల్ స్టూడియోతో కంపైల్ చేశారో తెలుపుతుంది.
పీహెచ్‌పీ 5.3 - వీసీ6, వీసీ9
పీహెచ్‌పీ 5.5, 5.6 - వీసీ11
పీహెచ్‌పీ 7.0, 7.1 - వీసీ14
పీహెచ్‌పీ 7.2 నుంచి 7.4 - వీసీ15
పీహెచ్‌పీ 8.0 నుంచి 8.3 - వీఎస్16
పీహెచ్‌పీ 8.4 - వీఎస్17

5.3 కాలంలో ఈ గుర్తు చాలా తలనొప్పి తెచ్చింది. అపాచి సంస్థ స్వయంగా ఇచ్చిన విండోస్ ప్యాకేజీకి వీసీ6 పీహెచ్‌పీ, అపాచి లౌంజ్ ఇచ్చిన ప్యాకేజీకి వీసీ9 పీహెచ్‌పీ కావలసి వచ్చేవి. శ్రేణి ఒకటే అయినా కంపైలర్ వేరైతే కూలిపోయేది. వీసీ14 నుంచి పరిస్థితి మెరుగుపడింది. అప్పటి నుంచి వచ్చిన కంపైలర్ల రన్‌టైమ్‌లు వెనుకటి వాటితో పొసగుతాయి. అయితే సర్వర్ కంపైలర్ పీహెచ్‌పీ కంపైలర్‌తో సమానంగా గాని, దానికన్నా కొత్తదిగా గాని ఉండడం మేలు. వీఎస్17 అపాచిలో వీఎస్16 పీహెచ్‌పీ సరిపోతుంది. దానికి తగిన విజువల్ సీ++ రన్‌టైమ్ కంప్యూటర్‌లో ఉండాలి. అది లేకపోతే 'ఫలానా డీఎల్ఎల్ దొరకలేదు' అనే సందేశం వస్తుంది.

నాలుగో గుర్తు - థ్రెడ్ భద్రత: టీఎస్ అంటే థ్రెడ్లకు సురక్షితం, ఎన్‌టీఎస్ అంటే కాదు. విండోస్‌పై అపాచి ఒకే ప్రక్రియలో అనేక థ్రెడ్లతో అభ్యర్థనలను నడుపుతుంది. కాబట్టి మాడ్యూల్ పద్ధతికి టీఎస్ తప్పనిసరి. అపాచి మాడ్యూల్ డీఎల్ఎల్ కూడా టీఎస్ ప్యాకేజీలోనే ఉంటుంది. ఎన్‌టీఎస్‌ను దించుకొని ఆ ఫైల్ కోసం వెతికి అలసిపోయే విద్యార్థులు చాలామంది. ఫాస్ట్‌సీజీఐ పద్ధతికి, ఐఐఎస్ సర్వర్‌కు ఎన్‌టీఎస్ తగినది.

ఈ నాలుగూ సరిపోయిన తరవాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా చూడాలి. ఉదాహరణకు 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5 విండోస్ ఎక్స్‌పీని వదిలేసింది.

ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిన దాన్ని తెలుసుకోవడానికి అపాచి ఫోల్డర్‌లో 'హెచ్‌టీటీపీడీ -వి' అనే ఆజ్ఞను ఇవ్వండి. పీహెచ్‌పీలో 'పీహెచ్‌పీఇన్ఫో' ప్రమేయం ఇచ్చే పేజీలో కంపైలర్, ఆర్కిటెక్చర్, థ్రెడ్ భద్రత వరుసలు చూడండి. ఆ పేజీలో సర్వర్ ఏపీఐ వరుసలో చాలా వెర్షన్లు 'అపాచి 2.0 హ్యాండ్లర్' అని చూపిస్తాయి. అది ఆ అతుకు పేరు మాత్రమే. మీ సర్వర్ 2.4 అయినా అలాగే కనిపిస్తుంది.

విడివిడిగా దించుకొనే ఓపిక లేనివారికి ఎగ్జాంప్ వంటి ప్యాకేజీలు ఉన్నాయి. ఎగ్జాంప్ 8.2.12లో అపాచి 2.4.58, పీహెచ్‌పీ 8.2.12, మరియాడీబీ ముందే జతచేసి ఉంటాయి. అభ్యాసానికి ఇది చక్కటి దారి. దాని ఏర్పాట్లు అభ్యాసాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కాబట్టి ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే సర్వర్‌గా దాన్ని అలాగే వాడకూడదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
3. 'ఎదురుచూసిన గుర్తు 41503232, కనిపించిన గుర్తు 41503230' అన్న సందేశానికి అర్థం ఏమిటి?
4. ఎన్‌టీఎస్ ప్యాకేజీలో అపాచి మాడ్యూల్ డీఎల్ఎల్ ఎందుకు కనిపించదు?

9.7 లినక్స్‌పై ఎంపిక

లినక్స్‌లో ఈ జతచేసే పనిని పంపిణీని తయారుచేసేవారే చేసి ఇస్తారు. మీరు ఎంచుకొనేది నిజానికి పంపిణీ వెర్షన్‌నే. ఉబుంటు దీర్ఘకాల మద్దతు వెర్షన్లను చూడండి:

12.04 - అపాచి 2.2.22, పీహెచ్‌పీ 5.3
14.04 - అపాచి 2.4.7, పీహెచ్‌పీ 5.5
16.04 - అపాచి 2.4.18, పీహెచ్‌పీ 7.0
18.04 - అపాచి 2.4.29, పీహెచ్‌పీ 7.2
20.04 - అపాచి 2.4.41, పీహెచ్‌పీ 7.4
22.04 - అపాచి 2.4.52, పీహెచ్‌పీ 8.1
24.04 - అపాచి 2.4.58, పీహెచ్‌పీ 8.3

ఒక హెచ్చరిక. పంపిణీలు భద్రతా మరమ్మతులను పాత సంఖ్యలోకే తెచ్చి చేరుస్తాయి. అందువల్ల 22.04లో అపాచి 2.4.52 అని కనిపించినంత మాత్రాన అది మరమ్మతులు లేని పాత సర్వర్ అని అనుకోకూడదు. సంఖ్య పాతదే అయినా లోపల మరమ్మతు జరిగి ఉండవచ్చు. 9.3లోని 'చివరి వెర్షన్' నియమం ఇక్కడ 'పంపిణీ ఇచ్చే తాజా నవీకరణ' అని మారుతుంది.

లినక్స్‌పై అపాచి ప్రక్రియలను నడిపే పద్ధతులు మూడు: ప్రీఫోర్క్, వర్కర్, ఈవెంట్. ప్రీఫోర్క్‌లో ఒక్కో అభ్యర్థనకు ఒక్కో ప్రక్రియ, థ్రెడ్లు ఉండవు. మిగిలిన రెండింటిలో థ్రెడ్లు ఉంటాయి. పంపిణీల్లో వచ్చే పీహెచ్‌పీ మాడ్యూల్ సాధారణంగా థ్రెడ్లకు సురక్షితం కాదు కాబట్టి దానికి ప్రీఫోర్క్ కావాలి. ఈవెంట్ పద్ధతిలో ఆ మాడ్యూల్‌ను లోడ్ చేస్తే 'సర్వర్ థ్రెడ్లతో నడుస్తోంది, మీ మాడ్యూల్ అందుకు తగదు' అని చెప్పి అపాచి ఆగిపోతుంది.

దీనికి మంచి పరిష్కారం పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం. ఇది 2010లో వచ్చిన పీహెచ్‌పీ 5.3.3తో భాషలో భాగమైంది. పీహెచ్‌పీ వేరే ప్రక్రియగా నడుస్తుంది, అపాచి 2.4 తన ప్రాక్సీ ఫాస్ట్‌సీజీఐ మాడ్యూల్ ద్వారా దానితో మాట్లాడుతుంది. అప్పుడు అపాచి ఈవెంట్ పద్ధతిలో హాయిగా ఉండవచ్చు. ఒకే సర్వర్ వెనుక ఒక సైటుకు 7.4, ఇంకొక సైటుకు 8.3 కూడా పెట్టవచ్చు. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్‌కు పీహెచ్‌పీ మాడ్యూల్ అంటూ ఏదీ లేదు. అది మొదటి నుంచీ ఈ దారినే నడుస్తోంది.

9.8 ఎంపిక ప్రోగ్రాం నుంచి మొదలుకావాలి

ఇంతవరకు సర్వర్ వైపు నుంచి చూశాం. కానీ సరైన వరుస దానికి తలకిందులుగా ఉంటుంది: ముందు ప్రోగ్రాం, తరవాత పీహెచ్‌పీ, తరవాత అపాచి, చివరగా ఆపరేటింగ్ సిస్టమ్. ప్రోగ్రాంకు పనికిరాని పీహెచ్‌పీని ఎంత చక్కగా అతికించినా లాభం లేదు.

తెలుగు వికీపీడియాను ఉదాహరణగా తీసుకుందాం. 2003 డిసెంబరులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వం మీడియావికీ అనే ప్రోగ్రాంపై నడుస్తుంది. ఆ ప్రోగ్రాం పీహెచ్‌పీలో రాసినది. దాని అవసరాలు ఎలా మారాయో చూడండి. 2006లో వచ్చిన 1.7కు పీహెచ్‌పీ 5వ తరం, 2016లో వచ్చిన 1.27కు కనీసం 5.5.9, 2020లో వచ్చిన 1.35కు కనీసం 7.3.19, 2024లో వచ్చిన 1.43కు కనీసం 8.1 కావాలి. మీ కళాశాలకు ఒక తెలుగు వికీ పెట్టాలనుకుంటే మొదట చూడవలసినది ఈ కనీస అవసరం. వర్డ్‌ప్రెస్ కూడా ఇలాగే 2024లో వచ్చిన 6.6తో కనీస అవసరాన్ని 7.2.24కు పెంచింది.

వికీమీడియా సంస్థ అనుభవం ఇంకొక సంగతిని నేర్పుతుంది. వేగం కోసం 2014లో ఆ సంస్థ హెచ్‌హెచ్‌వీఎం అనే వేరే ఇంజన్‌కు మారింది. ఆ ఇంజన్ పీహెచ్‌పీతో పొందికను వదులుకోవడంతో 2019లో పీహెచ్‌పీ 7.2కు తిరిగి వచ్చింది. ముందు అపాచిని ఉంచుకొనే వెనుక ఇంజన్‌ను మార్చగలగడానికి ఫాస్ట్‌సీజీఐ అతుకు తోడ్పడింది. అన్ని భాషల వికీపీడియాలతో పాటు తెలుగుదీ ఆ మార్పును దాటింది. పాఠకులు మాత్రం మామూలుగానే చదువుకున్నారు.

మీ సొంత ప్రోగ్రాం విషయానికి వస్తే మూడు మార్పులను తప్పక గుర్తుంచుకోండి.
- 'రిజిస్టర్ గ్లోబల్స్', 'మ్యాజిక్ కోట్స్' 5.4లో తొలగిపోయాయి.
- 'మైఎస్‌క్యూఎల్_కనెక్ట్' వంటి పాత డేటాబేస్ ప్రమేయాలు 7.0లో తొలగిపోయాయి. వాటి స్థానంలో మైఎస్‌క్యూఎల్ఐ లేదా పీడీఓ వాడాలి.
- 'ఈచ్' ప్రమేయం 8.0లో తొలగిపోయింది.

తెలుగులో పేజీలు చేసేవారికి ఇంకొకటి ఉంది. అపాచి 2.0తో వచ్చిన కాన్ఫిగరేషన్‌లో పేజీల అక్షరమాలను పాశ్చాత్య యూరప్ సంకేతాలుగా ప్రకటించే వాక్యం ఉండేది. దాన్ని తీయకపోతే తెలుగు పేజీ అర్థంలేని గుర్తులుగా కనిపించేది. పీహెచ్‌పీ తన ప్రమాణ అక్షరమాలను యూటీఎఫ్-8గా మార్చుకున్నది 5.6లో. కొత్త వెర్షన్‌తో ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'వనపర్తి' అనే పేరులో 7 సంకేతాలున్నాయి. మామూలు 'ఎస్‌టీఆర్‌లెన్' ప్రమేయం 21 అంటుంది, 'ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్' 7 అంటుంది. రెండోది కావాలంటే ఎంబీస్ట్రింగ్ అనుబంధం ఉండాలి, అది మీ పీహెచ్‌పీ శ్రేణికి చెందినదే కావాలి.

9.9 మద్దతు గడువు

పీహెచ్‌పీలో ప్రతి శ్రేణికీ ఒక ఆయుష్షు ఉంది. విడుదలైన తరవాత రెండేళ్ళు అన్ని మరమ్మతులూ, ఆపైన మరికొంత కాలం భద్రతా మరమ్మతులు మాత్రమే లభిస్తాయి. ఈ రెండో దశ పూర్వం ఒక ఏడాది ఉండేది, 8.1 శ్రేణి నుంచి రెండేళ్ళకు పెంచారు. 5.6 గడువు 2018 డిసెంబరుతో, 7.4 గడువు 2022 నవంబరుతో ముగిశాయి. 8.2కు 2026 డిసెంబరు వరకు, 8.3కు 2027 డిసెంబరు వరకు, 8.4కు 2028 డిసెంబరు వరకు గడువు ఉంది.

గడువు ముగిస్తే ప్రోగ్రాం ఆగిపోదు. అందుకే ప్రమాదం కంటికి కనిపించదు. 2024 జూన్‌లో విండోస్‌పై పీహెచ్‌పీని సీజీఐ పద్ధతిలో నడిపే సర్వర్లలో తీవ్రమైన లోపం బయటపడింది. బయటివారు సర్వర్‌పై తమ ఆజ్ఞలను నడిపించే వీలు కలిగింది. 8.1.29, 8.2.20, 8.3.8 వెర్షన్లలో మరమ్మతు వచ్చింది. 8.0కు, 7, 5 తరాలకు గడువు ముగిసినందున మరమ్మతు రాలేదు. ఆ వెర్షన్లపై ఒక పాఠశాల మార్కుల జాబితానో, ఒక సంఘం సభ్యుల ఫోన్ నంబర్లో ఉంటే, వాటిని కాపాడేవారు ఎవరూ లేరన్నమాట.

9.10 సాధించిన సమస్య

సమస్య: అచ్చంపేట మండలంలో ఉండే ఒక విద్యార్థిని ఊరి గ్రంథాలయ పుస్తకాల జాబితాను తెలుగులో చూపే ప్రోగ్రాంను ప్రాజెక్టుగా చేయాలనుకుంది. ఇంట్లో 32 బిట్ల విండోస్ 10 ఉన్న కంప్యూటర్ ఉంది. ప్రాజెక్టును ప్రదర్శించవలసిన ప్రయోగశాలలో ఉబుంటు 24.04 ఉంది. ఆమె దగ్గర ఉన్న పాత పుస్తకంలోని ప్రోగ్రాంలు 'మైఎస్‌క్యూఎల్_కనెక్ట్' వాడుతున్నాయి. సీనియర్ ఒకరు అపాచి 2.2, పీహెచ్‌పీ 5.2 ఉన్న పాత ప్యాకేజీ ఇచ్చి 'దీంట్లో పుస్తకంలోని ప్రోగ్రాంలన్నీ ఏమీ మార్చకుండా నడుస్తాయి' అన్నారు. ఆమె ఏం చేయాలి?

సాధన:
మొదటి మెట్టు - ప్రోగ్రాం: పాత ప్యాకేజీలో ప్రోగ్రాం నడిచే మాట నిజమే. కానీ ప్రదర్శన రోజున ప్రయోగశాలలోని పీహెచ్‌పీ 8.3లో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. ప్రోగ్రాంను ఇప్పుడే పీడీఓకు మార్చడం మేలు. మారవలసినవి కొన్ని వాక్యాలే.
రెండో మెట్టు - పీహెచ్‌పీ: ప్రదర్శించే చోట 8.3 ఉంది. ఇంట్లోనూ అదే శ్రేణి తీసుకోవాలి. 8.4 ఇంకా కొత్తదే, కానీ దానిలో మాత్రమే ఉన్న సౌకర్యాన్ని తెలియక వాడితే ప్రయోగశాలలో నడవదు.
మూడో మెట్టు - గుర్తులు: కంప్యూటర్ 32 బిట్లది కాబట్టి ఎక్స్86. 8.3 కాబట్టి వీఎస్16. విండోస్‌పై అపాచి మాడ్యూల్ కాబట్టి టీఎస్.
నాలుగో మెట్టు - అపాచి: 2.4 శ్రేణి, 32 బిట్లది, వీఎస్16 లేదా వీఎస్17తో కంపైల్ చేసినది. కంపైలర్‌కు తగిన విజువల్ సీ++ రన్‌టైమ్ 32 బిట్లది కూడా కావాలి.
అయిదో మెట్టు - అతుకు: 'లోడ్‌మాడ్యూల్' వాక్యంలో పీహెచ్‌పీ8అపాచి2_4.డీఎల్ఎల్ పేరు ఇవ్వాలి. తెలుగు కోసం ఎంబీస్ట్రింగ్‌ను, డేటాబేస్ కోసం పీడీఓ అనుబంధాన్ని చేతనం చేయాలి.

నిర్ణయం: అపాచి 2.4, పీహెచ్‌పీ 8.3 ఎక్స్86 టీఎస్. పాత ప్యాకేజీని పక్కన పెట్టాలి.

ఇక్కడ గమనించవలసినది: 'అన్నీ కొత్తవే' అని గాని, 'పుస్తకంలో ఉన్నవే' అని గాని ఆమె నిర్ణయించలేదు. ప్రోగ్రాం చివరికి ఎక్కడ నడవాలో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసుకుంది.

9.11 సారాంశం

వెబ్ సర్వర్‌కూ స్క్రిప్టింగ్ భాషకూ మధ్య పొందిక వాటి అతుకు దగ్గర నిర్ణయమవుతుంది. మాడ్యూల్ పద్ధతిలో శ్రేణి, బిట్లు, కంపైలర్, థ్రెడ్ భద్రత నాలుగూ కలవాలి. ఫాస్ట్‌సీజీఐ పద్ధతిలో ఈ ముడి సడలుతుంది. వెర్షన్ సంఖ్యలో మొదటి రెండు అంకెలు పొందికను, మూడోది మరమ్మతును తెలుపుతాయి. లినక్స్‌లో పంపిణీ ఎంపికే జోడీ ఎంపిక. ఎంపికను ప్రోగ్రాంతో మొదలుపెట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌తో ముగించాలి. మద్దతు గడువు ముగిసిన జోడీ పనిచేస్తున్నా, దాన్ని నలుగురి సమాచారం ఉన్నచోట వాడకూడదు.

9.12 ముఖ్య పదాలు

శ్రేణి: వెర్షన్ సంఖ్యలో మొదటి రెండు అంకెలు ఒకటిగా ఉన్న వెర్షన్ల సముదాయం.
మాడ్యూల్: సర్వర్ ప్రక్రియ లోపలికి లోడ్ అయ్యే అదనపు భాగం.
యంత్రస్థాయి ఒప్పందం: కంపైల్ అయిన రెండు భాగాలు ఒకదానినొకటి పిలుచుకొనే నిర్ణీత ఏర్పాటు.
ఫాస్ట్‌సీజీఐ: వేరు ప్రక్రియగా నడిచే భాషతో సర్వర్ మాట్లాడే నియమం.
మద్దతు గడువు: ఒక శ్రేణికి మరమ్మతులు లభించే చివరి తేదీ.

9.13 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు

1. అక్కరలేదు. రెండూ 2.4 శ్రేణిలోనివే, ఒప్పంద సంఖ్య మారలేదు.
2. పీహెచ్‌పీ వేరే ప్రక్రియగా ఉండి సంభాషణ నియమం ద్వారా మాత్రమే సర్వర్‌తో కలుస్తుంది. జ్ఞాపకశక్తిని పంచుకోదు.
3. సర్వర్ 2.2, మాడ్యూల్ 2.0 కోసం తయారైనది.
4. విండోస్‌పై అపాచి థ్రెడ్లతో నడుస్తుంది. థ్రెడ్లకు సురక్షితం కాని పీహెచ్‌పీని అందులో లోడ్ చేయకూడదు.

9.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పీహెచ్‌పీని అపాచితో కలిపే మూడు పద్ధతులను వివరించి, వెర్షన్ పొందిక దృష్టితో పోల్చండి.
2. విండోస్‌పై పీహెచ్‌పీ ప్యాకేజీని ఎంచుకోవడానికి చూడవలసిన నాలుగు గుర్తులను ఉదాహరణలతో వివరించండి.

II. కింది వాటికి సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అపాచి మాడ్యూల్‌ను తిరస్కరించే సందేశంలోని గుర్తును ఎలా చదవాలి?
2. పంపిణీల్లో కనిపించే పాత వెర్షన్ సంఖ్య ఎప్పుడూ ప్రమాదకరమేనా? చర్చించండి.
3. మీ అధ్యయన కేంద్రం ప్రయోగశాలలోని అపాచి, పీహెచ్‌పీ వెర్షన్లను కనుక్కొని, వాటికి సరిపోయేలా మీ ఇంటి కంప్యూటర్‌కు ఒక జోడీని కారణాలతో సూచించండి.